ఊరెళ్తున్నాం డాక్టర్ గారూ, పిల్లినేం చేయమంటారు?

డిసెంబరు సగం దాటిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇదే ప్రశ్న. కుక్కను పెంచేవాళ్లు టికెట్లు బుక్ చేసే ముందే అడుగుతారు. పిల్లిని పెంచేవాళ్లు బ్యాగులు సర్దుకుంటూ అడుగుతారు. పిల్లి కదా, దాని పాట్లు అది పడుతుందిలే అన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. మల్కాజిగిరిలో 22 ఏళ్లుగా క్లినిక్ నడుపుతున్నాను. పండగ వెళ్లిన వారం నా టేబుల్ మీదికి వచ్చే పిల్లుల్ని చూస్తుంటే ఆ నమ్మకం వాటి ప్రాణాల మీదికి ఎలా తెస్తుందో కనపడుతూనే ఉంటుంది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, ఓపిగ్గా చదవండి. మిగతా వాటికి కావాల్సింది చాలావరకు అందులోనే ఉంది.

మాది మియాపూర్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్. నాలుగేళ్ల మగపిల్లి ఉంది, పేరు బంటి. పండక్కి భీమవరం వెళ్లి ఆరు రోజులుంటాం. రెండు పెద్ద గిన్నెల నిండా డ్రై ఫుడ్, ఒక టబ్బులో నీళ్లు పెట్టి తాళం వేసి వెళ్తే సరిపోతుందని మావారు అంటున్నారు. పిల్లులు ఒంటరిగా ఉండగలవు కదా అంటారు. నాకేమో మనసొప్పట్లేదు. — ఒక పాఠకురాలు, మియాపూర్

మీ మనసు చెప్పిందే వినండమ్మా. ఆరు రోజులు తాళం వేసి వెళ్లొద్దు.

మీవారు అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. కుక్క మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, పిల్లి చోటును అంటిపెట్టుకుని ఉంటుంది. తన సోఫా, తన కిటికీ, తన వాసన ఉన్న దుప్పటి చుట్టూ ఉంటే అది సగం ధైర్యంగా ఉంటుంది. కాబట్టి బంటిని భీమవరం తీసుకెళ్లకుండా ఇంట్లోనే ఉంచాలన్న ఆలోచన మంచిదే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి ఒక పగలూ ఒక రాత్రీ ఒంటరిగా గడిపేస్తుంది. అంతకు మించితే మాత్రం రోజుకు కనీసం ఒక్కసారైనా ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికి రావాలి. రెండుసార్లయితే ఇంకా మంచిది.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో మీకు చెప్పాలి. 2011 మేలో మా చెల్లెలి పెళ్లికి తెనాలి వెళ్లాను. ఐదు రోజులు. అప్పుడు నా దగ్గర జాంగ్రీ ఉండేవాడు, ఆరేళ్ల నారింజ రంగు మగపిల్లి. కింది పోర్షన్‌లో ఉండే ఇంటర్ కుర్రాడికి తాళంచెవి ఇచ్చి, 'రోజూ పొద్దున వచ్చి గిన్నె నిండుగా ఉండేట్టు చూడు నాన్నా, నీళ్లు మార్చు' అని చెప్పాను. బుద్ధిమంతుడు. ఒక్క రోజు కూడా మానలేదు.

ఐదో రోజు రాత్రి పదకొండింటికి తలుపు తీశాను. గుమ్మం దగ్గరికి రావాల్సినవాడు రాలేదు. గిన్నె నిండుగా ఉంది, పైన గోపురంలా పేర్చినట్టు. వాడు మూత్రానికి వెళ్లే ఇసుక ట్రే దగ్గరికి వెళ్లి చూశాను. మూత్రంతో ఇసుక ముద్దకట్టిన పాత గడ్డలు ఓ మూలన ఉన్నాయి. మిగతా ఇసుకంతా శనగగింజంత తడి చుక్కలు, పదో పన్నెండో. ఆ చుక్కలు చూడగానే నా కాళ్లు వణికాయి. వాషింగ్ మెషీన్ వెనకాల ముడుచుకుని ఉన్నాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే మూత్రం సంచి బత్తాయికాయంత గట్టిగా తగిలింది. అప్పటికప్పుడు క్లినిక్‌కి తీసుకెళ్లి ట్యూబు వేశాను, సెలైన్ ఎక్కించాను. మూత్రం రక్తంతో కలిసి వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు గుండె ఆగిపోయింది.

మగపిల్లులకు మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అందులో ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డుపడితే మూత్రం ఆగిపోతుంది. ఒంట్లో పొటాషియం పెరిగిపోయి గుండె మీద దెబ్బ కొడుతుంది. పూర్తిగా అడ్డుపడ్డాక ఒకటి రెండు రోజులు చాలు, ప్రాణం పోవడానికి. మొదటి రోజే పట్టుకుంటే చాలా పిల్లుల్ని బతికించుకోవచ్చు.

మర్నాడు ఆ కుర్రాడు ఏడుస్తూ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. 'గిన్నె నిండుగా ఉంచమన్నారు కదా ఆంటీ. మూడు రోజుల నుంచి నిండుగానే ఉంది. నేను వెయ్యాల్సిన పనే లేకపోయింది.' వాడు నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. గిన్నె ఎందుకు ఖాళీ కావట్లేదో చూడమని నేనే చెప్పలేదు. పశువైద్యురాలినై ఉండి చెప్పలేదు.

తిండి పెట్టే చెయ్యి దొరకడం తేలిక. మీకు చూసే కన్ను కావాలి. ఎదురింటివాళ్లకో, తెలిసిన అమ్మాయికో, డబ్బులిచ్చి కుదుర్చుకున్న పెట్ సిట్టర్‌కో తాళంచెవి ఇచ్చేటప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లందరితో ఒక పని చేయిస్తాను. రోజూ మూడు ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి. గిన్నెలో కొత్త తిండి వేయకముందు ఒకటి, ట్రే శుభ్రం చేయకముందు ఒకటి, పిల్లి మొహం కనపడేట్టు ఒకటి. మొదటిదాన్ని బట్టి ఎంత తిన్నదో తెలుస్తుంది. రెండో ఫొటోలో మూత్రం గడ్డలు, విరేచనం కనపడతాయి. మూడోది బతికి, తిరుగుతూ ఉందని. మంచం కింద దాక్కుంటే టార్చ్ వేసి ఫొటో తీయమనండి, కానీ పిల్లిని బయటికి లాగొద్దని చెప్పండి. కొత్త మనిషి వచ్చినప్పుడు మొదటి రోజు దాక్కోవడం మామూలే. రెండో రోజు కూడా తిండి ముట్టకపోతే మామూలు కాదు.

తిండి ముట్టకపోవడం మనుషుల ఉపవాసం లాంటిది కాదు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి కాలేయం పాడైపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 'లావుగా ఉందిగా, నాలుగు రోజులు తినకపోయినా ఏం కాదు' అనేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

ఇక కొలతలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు డ్రై ఫుడ్ 50 నుంచి 60 గ్రాములు సరిపోతుంది, ప్యాకెట్ మీద రాసిన కొలత కూడా ఒకసారి చూసుకోండి. ఆరు రోజులకు ఆరు చిన్న డబ్బాల్లో విడివిడిగా కొలిచి పోసి, మూతల మీద తేదీలు రాయండి. ఆరు రోజుల తిండి ఒకేసారి గిన్నెలో పోస్తే మొదటి రోజే కడుపు పగిలేలా తిని కక్కేస్తుంది, లేదంటే గింజలు మెత్తబడి చీమలు పడతాయి. చీమలకు మన అమ్మమ్మలు చేసిన పనే ఇప్పటికీ మేలు: వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో తిండి గిన్నె పెట్టండి. చీమల మందు, లక్ష్మణరేఖ గీతలు వద్దు, పిల్లి కాళ్లు నాక్కుంటుంది.

నీళ్లు మూడు చోట్ల పెట్టండి. పిల్లి బరువులో కిలోకి 50 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు నీరు కావాలి. డ్రై ఫుడ్ తినే పిల్లికి ఆ నీరంతా దాదాపు తాగడం వల్లే రావాలి. ఒక్క టబ్బే పెట్టి అందులో వెంట్రుకో పురుగో పడితే ఆ రోజు నీళ్లు మానేస్తుంది.

ఆరో అంతస్తు అన్నారు కనుక బాల్కనీ సంగతి. పావురాల కోసం కట్టిన నెట్ పిల్లి బరువుకు ఆగుతుందని అనుకోవద్దు. మూలల్లో చెయ్యి పెట్టి లాగి చూడండి. అనుమానంగా ఉంటే బాల్కనీ తలుపు మూసే ఉంచమని చెప్పండి. బాత్‌రూమ్ తలుపుకు అడ్డం పెట్టండి, గాలికి మూసుకుపోతే లోపల ఇరుక్కుంటుంది. వాషింగ్ మెషీన్ మూత వేయండి. జనవరి ఒకటికి వచ్చిన బొకేలు ఇంట్లో ఉంటే బయట పారేసి వెళ్లండి. బొకేల్లో పెద్ద రేకులతో వచ్చే లిల్లీ పువ్వు పుప్పొడి నాకినా, ఆ నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. దండల్లో కట్టే మన లిల్లీ గురించి కాదు నేను చెప్పేది.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. మీ డాక్టర్ నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు, పిల్లి వయసు, బరువు. కింద 'నేను ఫోన్ ఎత్తకపోయినా వైద్యం మొదలుపెట్టండి, ఖర్చు నాది' అని రాసి సంతకం చేయండి. ఈ ఒక్క వాక్యం లేక గంటలు గంటలు ఆగిపోయిన కేసులు నేను చూశాను. అలాగే ఎర్ర పెన్నుతో రాయండి: ఏ మాత్రా వేయొద్దు. పిల్లి డల్‌గా ఉందని జాలిపడి ఎవరైనా పారాసెటమాల్ అర ముక్క వేస్తే పిల్లికి అది విషం.

పంతంగి టోల్ దగ్గర క్యూలో ఉన్నప్పుడు ఆ రోజు ఫొటోలు వచ్చాయో లేదో చూసుకోండి. ట్రేలో చిన్న చిన్న చుక్కలే కనపడినా, పిల్లి ట్రేలో కూర్చుని అరుస్తోందని చెప్పినా, మీరు భీమవరం చేరేదాకా ఆగొద్దు. అప్పుడే ఫోన్ చేసి ఆసుపత్రికి పంపండి.

మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. టైముకు తిండి వేసే ఆటోమేటిక్ ఫీడర్, ఫోన్‌లో చూసుకునే కెమెరా కొన్నాం. నెలకు రెండు వీకెండ్‌లు బయటికి వెళ్తుంటాం. ఇవి ఉన్నాక మనిషి అవసరం లేదు కదా? — గచ్చిబౌలి

శనివారం పొద్దున వెళ్లి ఆదివారం పొద్దునకల్లా వచ్చేస్తే అవసరం లేదు. ఆదివారం రాత్రికి వస్తామంటే మధ్యలో ఒక్కసారి ఎవరైనా వచ్చి చూసి వెళ్లాలి.

ఫీడర్ మంచి వస్తువే. కొలత తప్పదు, వేళ తప్పదు. కానీ అది గింజలు కింద పడేస్తుందే తప్ప పిల్లి తిన్నదో లేదో చెప్పదు. గొట్టంలో గింజలు ఇరుక్కుంటే ఫోన్‌లో మాత్రం 'తిండి వేశాను' అనే వస్తుంది. కరెంటు పోతే పనిచేసేలా బ్యాటరీలు కూడా పెట్టండి, ఇన్వర్టర్ వైఫైకి కూడా ఉందో లేదో చూసుకోండి. కెమెరా అది చూసే గోడనే చూస్తుంది, పిల్లి అల్మారా వెనక ఉంటే మీకు రెండు రోజులూ ఖాళీ హాలే కనపడుతుంది. వెట్ ఫుడ్ మాత్రం ఎప్పుడూ ఫీడర్‌లో పెట్టకండి. మన ఎండాకాలంలో అది గంటకే పాడవడం మొదలవుతుంది.

ఎండాకాలం మాట వచ్చింది కనుక, పై అంతస్తు వాళ్లందరికీ ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో కిటికీలన్నీ బిగించి తాళం వేసిన ఫ్లాట్ మధ్యాహ్నానికి కుంపటిలా అవుతుంది. ఒక గదిలోనైనా ఫ్యాన్ తిరగాలి, కర్టెన్లు వేసి ఉండాలి, బాత్‌రూమ్ నేల మీద పడుకోవడానికి దారి ఉండాలి. పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే అది ప్రమాదమే.

మా అత్తగారు పెరుగన్నం, పాలు పెడతారు. మేం పదిహేను రోజులు కేరళ వెళ్తే ఆవిడే చూసుకుంటారు. డ్రై ఫుడ్ అంటే 'ఆ గులకరాళ్లు ఎందుకు' అంటారు. ఫరవాలేదా? — వారాసిగూడ

మీ అత్తగారు ఇంట్లో ఉండడమే మీ పిల్లికి పెద్ద అదృష్టం. రోజంతా చూసే మనిషి ఉంది. ఆవిణ్ణి నొప్పించకుండా చెప్పండి, నేను చెప్పానని చెప్పండి.

పిల్లి మాంసం మీదే బతికే జంతువు. టారిన్ అనే పోషకం మాంసంలో, చేపల్లోనే దానికి దొరుకుతుంది. అన్నంలో లేదు. నెలల తరబడి అది అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పదిహేను రోజుల్లో అంత జరగదు, నిజమే. కానీ పదిహేను రోజులు పాలు తాగిస్తే మాత్రం విరేచనాలు పట్టుకోవచ్చు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత ఉంది కానీ దాని పొట్ట ఒప్పుకోదు.

ఆవిడకు చేత్తో వండి పెట్టాలని ఉంటుంది, అర్థం చేసుకోగలను. డ్రై ఫుడ్ మామూలుగా పెడుతూ, పైన రోజుకు రెండు చెంచాల ఉడికించిన చికెన్ పెట్టమనండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ పడకుండా. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, కూరలోంచి తీసి కడిగి పెట్టిన ముక్క కూడా వద్దు. ఇంకో మాట: ప్రయాణానికి ముందు వారంలో కొత్త బ్రాండ్ తిండి మొదలుపెట్టకండి. మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి.

మా పక్కింటి అమ్మాయి మా పిల్లికి బాగా మాలిమి. ఎప్పుడూ తనే చూసుకుంటుంది. ఇప్పుడు తనకు మూడో నెల. వాళ్లమ్మగారు పిల్లి దగ్గరికి పోవద్దంటున్నారు. మేం పది రోజులు షిరిడీ, నాసిక్ వెళ్లాలి. — దిల్‌సుఖ్‌నగర్

వాళ్లమ్మగారి భయంలో అర్థం ఉంది. పిల్లి విరేచనంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. గర్భిణికి అది సోకితే కడుపులో బిడ్డకు హాని జరగొచ్చు. అయితే పిల్లిని నిమిరితే వచ్చేది కాదు. ట్రేలోని విరేచనం ఒకరోజు నుంచి ఐదు రోజులు అలాగే పడి ఉంటేనే అంటుకునే స్థితికి వస్తుంది. కాబట్టి ట్రే పని ఆ అమ్మాయి చేయకూడదు, ఇంకెవరైనా రోజూ చేయాలి. వాళ్లాయనో, మీ పనావిడో. తిండి, నీళ్లు పెట్టి, కాసేపు కూర్చుని, చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్తే ఇబ్బంది లేదు. అయినా వాళ్లింట్లో భయంగా ఉంటే బలవంతపెట్టకండి. భయపడుతూ వచ్చే మనిషికి పిల్లిని సరిగ్గా చూసుకోవడం కుదరదు.

ఎవరు చూసుకున్నా పిల్లికి రేబిస్ టీకా వేయించాకే తాళంచెవి ఇవ్వండి. గీరినా కొరికినా వెంటనే ధారగా నీళ్లు వదిలి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. టీకా వేసిన పిల్లే కదా అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో కుక్కకాటు, పిల్లికాటు ఇంజెక్షన్లు ఉంటాయని ఆ ఫ్రిజ్ కాగితం మీదే రాసి పెట్టండి.

వైజాగ్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. పిల్లిని రైల్లో స్లీపర్ కోచ్‌లో బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లొచ్చా? — సికింద్రాబాద్

స్లీపర్, 3 ఏసీ, 2 ఏసీ, చైర్‌కార్‌లలో వీల్లేదు. ఏసీ ఫస్ట్ క్లాస్‌లో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరునే ఉంటే పక్కన ఉంచుకోవచ్చు. లేకపోతే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు దగ్గరుండే వ్యాన్‌లో పంపాలి. పిల్లి విషయంలో ఆ రెండో పద్ధతి నేను చెప్పను. చీకట్లో, ఆ చప్పుడులో, తెలిసిన వాసన ఒక్కటీ లేకుండా రాత్రంతా ఉండాలి. కూపే దొరక్కపోతే కారు మాట్లాడుకోండి.

ఇల్లే మారుతున్నారు కాబట్టి మీకు తప్పదు. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు గానీ అది తల్లి ఇష్టపడి చేసే పని. మనం తిప్పితే దానికి నచ్చదు. మూడు వారాల ముందే క్యారియర్, అంటే పిల్లిని పెట్టి తీసుకెళ్లే పెట్టె, కొని హాల్లో మూత తీసి పెట్టండి, లోపల దాని పాత టవల్ వేయండి. తిండి అందులోనే పెట్టండి. దానంతటది అందులో పడుకోవడం మొదలుపెట్టాక వీధి చివరిదాకా కారులో తిప్పి తీసుకురండి. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి ఆపండి, నీళ్లు ఆపొద్దు. దారిలో క్యారియర్ తలుపు తీయకండి, టోల్ దగ్గర అద్దం దించి ఉన్నప్పుడు అసలే తీయకండి. కారులో వదిలి టిఫిన్‌కి దిగొద్దు. మరీ బెదిరే పిల్లులకు ప్రయాణానికి ముందు వేసే మందులున్నాయి, డాక్టరు బరువు చూసి రాస్తారు. మనుషుల నిద్రమాత్రలు ముట్టుకోవద్దు.

వైజాగ్‌లో దిగాక మొదటి వారం ఒకే గదిలో ఉంచండి. ఇల్లంతా ఒకేసారి వదిలితే కిటికీ వెతుక్కుంటుంది.

మా పిల్లికి షుగర్. పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్. పదకొండేళ్ల వయసు. నాలుగు రోజులు తప్పనిసరిగా వెళ్లాలి. పెట్ హాస్టల్‌లో పెట్టమంటారా? — తార్నాక

ఇలాంటి పిల్లికి మాత్రం ఇంట్లోకంటే డాక్టరు ఉన్న చోటే నయం. మామూలు హాస్టల్ వద్దు, రోజూ చూసే డాక్టరు దగ్గర బోర్డింగ్ సౌకర్యం ఉందేమో అడగండి. ఇన్సులిన్ ఎక్కించే మనిషికి మీరే ఎదురుగా నిలబడి రెండుసార్లు చేయించి చూపండి. సిరంజీ మీరు వాడేదే ఇవ్వండి, గీతల కొలత మారితే డోసు మారిపోతుంది. తిండి తినకపోతే మామూలు డోసు వేసేయకూడదు, డాక్టరును అడగాలి. ఇది పెద్దక్షరాలతో రాసివ్వండి.

హాస్టల్ వెతుక్కునే మిగతావాళ్లకు కూడా చెబుతున్నాను. ముందుగా వెళ్లి, పిల్లుల్ని ఉంచే గది చూపించమనండి. రిసెప్షన్‌లో సోఫా, గోడ మీద బొమ్మలు చూసి మురిసిపోవద్దు. ఒక చోట నేనే నా పిల్లిని వదలబోతూ లోపలికి వెళ్లి చూస్తే, పిల్లుల బోనులకు ఎదురుగా కుక్కల బోనులున్నాయి. పిల్లులన్నీ ట్రేల్లో నక్కి కూర్చున్నాయి, ఒక్కటీ తిండి ముట్టలేదు. మా పిల్లిని తీసుకుని అట్నుంచి అటే వచ్చేశాను. కుక్కల అరుపు వినపడని గది కావాలి. వచ్చిన ప్రతి పిల్లికీ టీకా కార్డు అడుగుతున్నారో లేదో చూడండి. మిమ్మల్ని అడగకపోతే ఎవర్నీ అడగట్లేదన్నమాట. పిల్లులకు వచ్చే పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఒక గదిలో చేరితే ఏడాదిదాకా కూడా అక్కడే ఉండగలదు. మామూలు ఫినాయిల్‌కి చావదు. టీకా వేయించి రెండు వారాలైనా గడిచాకే పంపండి.

నా వయసు 71. భార్య పోయాక తొమ్మిదేళ్లుగా నేనూ, మా పిల్లీ. అబ్బాయి డాలస్ రమ్మంటున్నాడు, ఆరు నెలలు. పిల్లిని నమ్మకమైన హాస్టల్‌లో పెడదామని వాడంటాడు, ఖర్చు తనే భరిస్తానంటాడు. మా కాలనీలో ఒక టీచరమ్మ తన ఇంట్లో పెట్టుకుంటానంటోంది. వెళ్లాలంటే కాళ్లు రావట్లేదు. — సైదాబాద్

మాస్టారూ, మీరు మాస్టారో కాదో తెలీదు, మీ చేతిరాత చూసి అలా పిలవాలనిపించింది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

వెళ్లండి. అబ్బాయిని, మనవల్ని చూసి రండి. కానీ హాస్టల్ వద్దు. పది రోజులకు హాస్టల్ సరే, ఆరు నెలలు బోనులో ఉండడమంటే తొమ్మిదేళ్లు మీ మంచం మీద పడుకున్న పిల్లికి అది కష్టం. టీచరమ్మ గారి మాట దేవుడిచ్చిన మాట అనుకోండి.

వెళ్లే ముందు పిల్లికి రక్త పరీక్ష చేయించండి. తొమ్మిదేళ్ల తర్వాత కిడ్నీలు నెమ్మదించడం చాలా పిల్లుల్లో ఉంటుంది, బయటికి ఏమీ కనపడదు. నీళ్లు ఎక్కువ తాగడం, ట్రేలో గడ్డలు పెద్దవి కావడం మొదటి గుర్తులు. ఇప్పటి లెక్కలు కాగితం మీద ఉంటే, మూడో నెలలో ఏదైనా తేడా వచ్చినప్పుడు డాక్టరుకు పోల్చి చూడడానికి ఉంటుంది. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, ప్రైవేటు ఖర్చు ఎక్కువనిపిస్తే అక్కడ చూపించొచ్చు. టీచరమ్మ గారికి నెలనెలా తిండికి, ఇసుకకు డబ్బు పంపే ఏర్పాటు మీ అబ్బాయితోనే చేయించండి. ఆవిడ వద్దంటారు, అయినా చేయించండి. ప్రతినెలా పిల్లిని తూకం వేయమని చెప్పండి. పిల్లిని ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి ఇంట్లోని వెయింగ్ మెషీన్ ఎక్కితే తేడా తెలిసిపోతుంది. నాలుగు కిలోల పిల్లి అరకిలో తగ్గితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పిల్లికి మీరు గుర్తుంటారా అని మీరు ఉత్తరంలో అడగలేదు గానీ, అడగాలనుకుని కొట్టేసిన వాక్యం ఒకటి ఉంది. మా క్లినిక్‌కి వచ్చే ఒకాయన దుబాయ్‌లో ఏడాది ఉండి వచ్చారు. ఆయన పిల్లి రెండు రోజులు దూరంగా కూర్చుని చూసింది, మూడో రోజు రాత్రి వచ్చి ఆయన పాదాల దగ్గర పడుకుంది. మీది కూడా అలాగే చేస్తుందని మాటివ్వలేను, కానీ ఆయన చెప్పింది మీకు చెప్పాలనిపించింది.

మీరు ఉతకని లుంగీ ఒకటి, కప్పుకునే దుప్పటి ఒకటి పిల్లితో పాటు పంపండి. ఆరు నెలలూ ఉతకొద్దని టీచరమ్మ గారికి చెప్పండి. ప్రయాణానికి ఇంకా నెలన్నర ఉందన్నారు కదా. ఈ వారం నుంచే ఆవిణ్ణి సాయంత్రం పూట మీ ఇంటికి రమ్మనండి. తిండి ఆవిడ చేత్తోనే పెట్టించండి. ఆ కాసేపూ మీరు పక్క గదిలో కూర్చోండి. పిల్లి మీ కోసం గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తుంది. పిలవకండి. ఒక రోజు అది చూసి, వెనక్కి వెళ్లి తిండి తింటుంది. ఆ తర్వాత ఆవిడ ఇంటికి పంపొచ్చు.